నాలుగో ఫ్లాపీ

పుంగనూరు,
8 సెప్టెంబరు 2002.

చిరంజీవి జయచంద్రకు,

నువ్వూ మరదలు అనితా క్షేమమని తలుస్తాను. ఇక్కడ మీ బావకు మోకాలి నొప్పి, ఆవుకు పాలు తగ్గడం తప్ప వేరే విశేషాలు లేవు. పోయిన ఉత్తరంలో నువ్వు చేసిన తప్పులు మూడు. ఎర్రసిరాతో దిద్ది ఇందులోనే పెట్టాను. కుప్పంలో ఇంజనీరింగు పిల్లలకు ఫిజిక్సు చెప్పుకో, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ తెలుగు టీచరు తమ్ముడికి ఏ అక్షరానికి ఏ వత్తో తెలియకపోతే నలుగురూ నన్ను అంటారు.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. మూడో నిమిషానికి మనిద్దరికీ గొడవ మొదలవుతుంది, అసలు విషయం అలాగే ఉండిపోతుంది. అందుకని ఉత్తరం.

నేను రిటైరైన ఏడాది కొనుక్కున్న కంప్యూటరు మొండికేస్తోంది. స్విచ్చి వేసి, పాలు కాచి, కాఫీ కలుపుకొని వచ్చినా దానికి ఇంకా తెల్లారదు. తెల్లారాక కూడా రెండు వాక్యాలు కొట్టేసరికి బిగుసుకుపోతుంది. మీ బావ పేకాట ఆడుతుంటే మాత్రం ఎప్పుడూ బిగుసుకోదు. టైపు ఇన్‌స్టిట్యూట్ బైరప్ప వచ్చి చూశాడు. ఇప్పుడు అతని బోర్డు మీద కంప్యూటరు అని కూడా రాయించుకున్నాడు. ఇందులో ఉన్న విండోస్ 98 పాతబడిందట, ఎక్స్‌పీ అని కొత్తది వచ్చిందట. దాన్ని ఉన్నదాని మీదనే ఎక్కించవచ్చు, లేదా ఉన్నదంతా తుడిచేసి మొదటి నుంచి వేయవచ్చు అన్నాడు. అతను చెప్పింది అతని మాటల్లోనే రాస్తాను: "యాల మేడమ్మా అంతా తుడిసేసేది? ఉండేదాని పైనే ఏస్తే సాలు. మీవన్నీ యాడుండేవి ఆడనే ఉంటాయి."

నువ్వు ఏమంటావో రాయి. ఊరికే అడుగుతున్నాను, నువ్వు చెప్పిందే చేస్తానని కాదు.

ఇట్లు,
మీ అక్క వసంత

కుప్పం,
14 సెప్టెంబరు 2002.

అక్కకు నమస్కారాలు.

బైరప్ప మంచివాడే. నాకు టైపు నేర్పింది కూడా వాళ్ళ నాన్నే. కానీ టైపు మిషను వేరు, కంప్యూటరు వేరు. ఉన్నదాని మీద కొత్తది ఎక్కించడమంటే, మన ఊరి ఇంటికి నాయన ఏటా సున్నం మీద సున్నం కొట్టించిన పద్ధతి. నాలుగేళ్ళకు గోడ పెచ్చులుగా ఊడి మన అన్నం తట్టల్లో పడింది గుర్తుందా? పాతదాంట్లో ఉన్న చెత్త, రోగం, బావ ఎక్కించిన ఆటలు, అన్నీ కొత్తదాంట్లోకి వచ్చి కూర్చుంటాయి. పేరు మాత్రమే మారుతుంది.

చదువుకున్నవాళ్ళు చేసే పని ఒకటే. శుభ్రంగా తుడిచేయాలి, మొదటి నుంచి వేయాలి. మా కాలేజీలో నలభై మిషన్లకు నేనే దగ్గరుండి అలా చేయించాను. ఒక్కటీ మొరాయించలేదు.

అయినా అందులో నీవి ఏముంటాయని భయం? నాలుగు వంటలు, పది భజన పాటలు ఉంటాయేమో. వాటిని పక్కన పెట్టుకునే మార్గం నేను చెబుతాను. ఒక్కోసారి మనిషికి కూడా ఇలా తుడిచి వేసుకోవడం అవసరమక్కా. నువ్వు ఎప్పటెప్పటివో గుర్తు పెట్టుకుంటావు. నీ మోకాళ్ళు, బావ మోకాళ్ళు అందుకే నొప్పి పుడుతున్నాయని అనిత అంటోంది.

నీ తమ్ముడు,
జయచంద్ర

పుంగనూరు,
22 సెప్టెంబరు 2002.

చిరంజీవి జయచంద్రకు,

వంటలు రాసుకోవడానికి నాకు కంప్యూటరు అక్కరలేదు. భజన పాటలు నాకు నోటికి వస్తాయి. అందులో నా కాగితాలు ఉన్నాయి. రెండేళ్ళుగా రోజూ సాయంత్రం కూర్చుని కొట్టినవి. అవి ఏమిటన్నది నీకు అనవసరం. ఒక్కటి మాత్రం ఖాయంగా తెలియాలి. తుడిచేస్తే అవి ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయా ఉండవా? నోటిమాట కాదు, రాసి పంపు.

బైరప్పకు నీ ఉత్తరం చదివి వినిపించాను. సున్నం సంగతి విని నవ్వాడు. వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆగి, "సారు పెద్ద సదువు సదివినోడు, నేను కాదనను. అచ్చరాలు పోతాయేమో, అదొక్కటి అడగండి మేడమ్మా" అన్నాడు. అడుగుతున్నాను. అక్షరాలు పోతాయా?

మోకాళ్ళ గురించి అనితకు నేను విడిగా రాస్తాను.

ఇట్లు,
వసంత

కుప్పం,
29 సెప్టెంబరు 2002.

అక్కకు నమస్కారాలు.

రాసి ఇస్తున్నాను, దాచుకో. ఒక్క అక్షరం పోదు. పోతే నాది పూచీ. ఫైలును దాచామంటే అందులోని అక్షరాలను దాచినట్టే. బియ్యం మూట భద్రంగా ఉంటే గింజలు ఎక్కడికి పోతాయి? బైరప్పను టైపు రిబ్బన్లు అమ్ముకోమని చెప్పు.

ఇప్పుడు నేను చెప్పినట్టు చేయి. నీ మిషన్లో సి అనీ డి అనీ రెండు అరలుంటాయి. విండోస్ ఉండేది సి లో. నీ కాగితాలన్నీ డి లోకి మార్చుకో. అన్నీ వచ్చాయో లేదో ఒక్కొక్కటీ తెరిచి చూసుకో. తర్వాత రిజిస్టర్డు పోస్టులో పంపుతున్న ఈ సీడీ పెట్టి మిషను ఆపి మళ్ళీ వెయ్యి. నీలం తెర వస్తుంది. అది ఏ అరను తుడవమంటావని అడుగుతుంది. సి అని చెప్పు. డి అని చెప్పావంటే ఆ తర్వాత నాకు ఉత్తరం రాయవద్దు. గంట పడుతుంది. మధ్యలో కరెంటు పోకుండా బైరప్ప దగ్గర బ్యాటరీ పెట్టె అడిగి తెచ్చుకో. అతనికి కూడా ఒక పని ఉండాలి కదా.

నీ తమ్ముడు,
జయచంద్ర

పుంగనూరు,
13 అక్టోబరు 2002.

జయచంద్రకు,

నిన్న నీ ఉత్తరాన్ని పక్కన పెట్టుకొని, ఒక్కో వాక్యం కింద గీత గీసుకుంటూ చేశాను. కాగితాలన్నీ డి లోకి మార్చాను. తెరిచి చూశాను, బాగున్నాయి. సీడీ పెట్టాను. నీలం తెర వచ్చింది. సి అని చెప్పాను. గంటకు బదులు గంటన్నర పట్టింది. చివర్లో ఆకాశం కింద పచ్చటి గుట్ట ఒకటి కనిపించింది. అది ఏ ఊరి గుట్టని మీ బావ అడిగాడు. హార్సిలీ హిల్స్ కాదని మాత్రం చెప్పగలిగాను, మన పక్క అంత పచ్చదనం ఎక్కడుంది. తర్వాత ఆయన పేకాట తెరిచి, "ముక్కల ఎనక బొమ్మ మారిండాది గానీ ఆట అదే" అని తృప్తిపడ్డాడు.

నేను డి తెరిచాను. ఫైళ్ళన్నీ ఉన్నాయి. పేర్లు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి. మొదటిది తెరిస్తే లోపల తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్న గుర్తులు, తలకిందుల కామాలు పుటల కొద్దీ ఉన్నాయి. రెండోదీ అంతే. అన్నీ అంతే. నా రెండు వందల పన్నెండు పుటల్లో ఒక్క ‘అ’ లేదు, ఒక్క ‘క’ లేదు.

ఒక్క అక్షరం పోదని రాసిచ్చావు. ఒక్క అక్షరం మిగల్లేదు.

ఇప్పుడు నీకు చెప్పక తప్పదు. నేను రాసింది నా జీవితం. మన ఊరి నుంచి, అమ్మ పోయి నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి, ముప్పై ఏళ్ళకు పండిత పరీక్ష రాసి టీచరునై రిటైరైనదాకా. మదనపల్లె రిటైర్డు టీచర్ల సంఘం వాళ్ళు ఉగాదికి అచ్చు వేసి సభలో విడుదల చేస్తామన్నారు. కొట్టడం అయిపోయిన నోటుపుస్తకాలను ఎప్పటికప్పుడు నీళ్ళ పొయ్యిలో వేశాను, ఇంట్లో ఎవరి కంటా పడకూడదని. మళ్ళీ రాసే ఓపిక నాకు లేదు జయా. రాత్రి అన్నం తినలేదు. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను కూడా.

వసంత

పుంగనూరు,
16 అక్టోబరు 2002.

జయచంద్రకు,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. మూడు రోజులుగా ఒకటే ఆలోచన. తుడిచేయమని నువ్వు అంతగా ఎందుకు పట్టుబట్టావు? మనిషి కూడా పాతవి తుడిచేసుకోవాలని ఎందుకు రాశావు? నేను ఏం రాస్తున్నానో నీకు ఎవరైనా చెప్పారా?

మీ బావ ఇలా అడగవద్దన్నాడు. అడగకుండా ఉండలేను.

వసంత

కుప్పం,
18 అక్టోబరు 2002.

అక్కకు నమస్కారాలు.

నీ 13వ తేదీ ఉత్తరం మొన్న అందింది. ముందు ఏడుపు ఆపు. నీ పుస్తకం పోలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంది, నీకు కనిపించడం లేదంతే.

తెలుగు అక్షరాలు కంప్యూటరుకు పుట్టుకతో రావు. ఎవరో గీసిన అక్షరాల కట్టను అందులో ఎక్కిస్తారు. దాన్ని ఫాంటు అంటారు. అది కూర్చునేది సి అరలో, విండోస్ పక్కనే. నేను తుడవమన్నది ఆ అరనే. కట్ట పోయింది, అందుకని మిషను నీ తెలుగుకు తన ఇంగ్లీషు ముఖాలు తొడిగి చూపిస్తోంది. ఉన్నదాని మీదనే ఎక్కించి ఉంటే ఆ కట్ట అలాగే ఉండేది. బైరప్ప అక్షరాలు పోతాయన్నది దీన్ని గురించే. అతన్ని రిబ్బన్లు అమ్ముకోమన్న మాట అతనికి చెప్పకు. చెప్పేసి ఉంటే నా తరఫున క్షమాపణ చెప్పు.

నలభై మిషన్లు చేయించినవాడికి ఇది ఎందుకు తోచలేదో రెండు రోజులు ఆలోచించాను. ఏడేళ్ళుగా కంప్యూటరు వాడుతున్నాను. దానిమీద ఒక్క తెలుగు వాక్యం కూడా ఎప్పుడూ కొట్టలేదు. అక్షరాలు పోతాయని నేను అనుకోకపోవడానికి కారణం, అక్కడ నావి ఏవీ లేకపోవడమే.

నువ్వు ఏదీ ముట్టుకోకు, ఏదీ సేవ్ చేయకు. బైరప్ప దగ్గర ఆ ఫాంటు ఉందేమో అడుగు. లేకపోతే ఫైళ్ళను ఫ్లాపీల్లో వేసి నాకు పంపు.

జయచంద్ర

కుప్పం,
20 అక్టోబరు 2002.

అక్కకు,

నీ 16వ తేదీ ఉత్తరం ఈరోజు వచ్చింది. నాకు బాధ కలిగింది. నీ కాగితాల్లో వంటలున్నాయని అనుకున్నవాణ్ణి నేను. తుడిచేయాలనుకోవడానికి వాటిలో నాకు ఇబ్బంది కలిగించేవి ఏముంటాయి? నీ పుస్తకంలో నా గురించి ఏం రాశావో నాకు తెలియదు. మంచే రాసి ఉంటావని అనుకుంటున్నాను.

జయచంద్ర

పుంగనూరు,
3 నవంబరు 2002.

చిరంజీవి జయచంద్రకు,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. అడిగినందుకు తప్పైందని అనను, కానీ అడిగిన తీరు బాగాలేదని ఒప్పుకుంటాను.

బైరప్పకు క్షమాపణ చెప్పాను. అతను ఏమీ అనుకోలేదు. ఆ ఫాంటు ఉందా అంటే, "నా కాడ యాడిది మేడమ్మా, అది మీ మిషన్లోనే ఉండె. నేనే మీ దాంట్లోంచి ఎక్కించుకుందామని ఉండాను" అన్నాడు. కంప్యూటరు అమ్మిన బెంగళూరు మనిషి దుకాణం మూసేశాడు.

ఫ్లాపీలు పంపుతున్నాను. పుస్తకం ఆరు భాగాలు, భాగానికి ఒక ఫ్లాపీ. అన్నీ ఒకదాంట్లోనే పడతాయని నువ్వంటావు. ఆరు నోటుపుస్తకాల్లో రాశాను, ఆరుగానే ఉండాలి. అయితే నాలుగోది పంపడం లేదు. దాంట్లోకి చీమలు దూరి పాడైపోయింది. మిగతా ఐదూ బాగుచేసి పంపు. తెలుగు వచ్చిందా లేదా అని ప్రతి దాంట్లో మొదటి వాక్యం చూడు, చాలు. చదవాల్సిన పని లేదు.

ఇట్లు,
మీ అక్క వసంత

కుప్పం,
24 నవంబరు 2002.

అక్కకు నమస్కారాలు.

ఆలస్యమైంది. మా కాలేజీలో ఆహ్వాన పత్రికలు కొట్టే నాగమ్మగారి దగ్గర నీ ఫాంటుకు దగ్గర చుట్టం ఒకటి దొరికింది. అదే మనిషి గీసిందే కానీ తర్వాతి ఏడాదిది. దాన్ని ఎక్కించగానే తెర మీద తెలుగు వచ్చింది. నీ మొదటి వాక్యం చూసి నేను లేచి నిలబడ్డాను. అనిత భయపడింది.

పూర్తిగా మాత్రం రాలేదు. కొన్ని వత్తులు అటూ ఇటూ మారాయి. అమ్మ అన్నచోట ఇంకేదో వస్తోంది. ఏ గుర్తు ఏ అక్షరమైందో పట్టుకోవాలంటే వాక్యం చదివి అర్థం చేసుకోవాల్సిందే, వేరే దారి లేదు. కాబట్టి నీ ఆజ్ఞ మీరాను. ఐదు ఫ్లాపీలూ ప్రతి అక్షరం చదివి దిద్దాను. నీలా ఎర్రసిరా వాడే అవకాశం లేకపోయింది.

అక్కా, ఇంత బాగా రాస్తావని నాకు తెలియదు. అమ్మ పోయిన మర్నాడు నువ్వు సంగటి గెలుకుతుంటే కర్ర తిరగక పొయ్యి దగ్గర ఏడ్చావని చదివాను. ఆ సంగటి నేను తిన్నాను. అందులో ఉండలున్నాయని అలిగింది కూడా నాకు గుర్తొచ్చింది. నువ్వు అది రాయలేదు.

ఇక నాలుగో దాని సంగతి. ఫ్లాపీలో చీమలు దూరాయని ఇంతవరకు ఎక్కడా వినలేదు. మూడో భాగం చివరి వాక్యం, 'ఆ శనివారం కూడా క్యారియరు తీసుకొని మదనపల్లెకు బస్సెక్కాను' అని ఉంది. ఐదో భాగం మొదటి వాక్యం, 'ఆ తర్వాత తమ్ముడికి క్యారియరు నాయనే తీసుకుపోయేవాడు' అని ఉంది. మధ్యలో చీమలు ఏం తిన్నాయో నాకు కొంచెం తెలుసు. పంపించు.

జయచంద్ర

పుంగనూరు,
5 జనవరి 2003.

చిరంజీవి జయచంద్రకు,

నెల రోజులకు పైగా నేను జవాబు రాయలేదు, నువ్వూ మళ్ళీ అడగలేదు. మంచి పని చేశావు.

నువ్వు పంపిన ఐదు భాగాలనూ ఆ ఫాంటునూ బైరప్ప ఎక్కించి ఇచ్చాడు. తెలుగు చూడగానే దండం పెట్టుకున్నాను. సంఘం వాళ్ళు ఉత్తరం రాశారు, ఫిబ్రవరిలోపు అందకపోతే ఉగాదికి కాదట. నాలుగోది లేకుండానే ఇచ్చేద్దామని కూర్చుని మూడు నుంచి ఐదుకు కలిపి ఒక పేరా రాశాను. పని ఎక్కువైనందువల్ల మదనపల్లెకు పోవడం మానేశానని రాశాను. చక్కగా అతికింది, ఎవరూ కనుక్కోలేరు. రాసి, చదువుకొని, చెరిపేశాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు అబద్ధం ఆడవద్దని చెప్పి, నా సొంత పుస్తకంలో అబద్ధం అచ్చు వేయించుకుంటే నాకు నేను ముఖం చూపించుకోలేను.

నాలుగోది ఇందులో పెట్టాను. చదువు. ఇది నువ్వు చదవకూడదనే రాశాను, నువ్వు చదవాలనే కూడా రాశానేమో. చదివాక నువ్వు తీసేయమంటే ఏం చేస్తానో నాకు తెలియదు. నాకు ఉన్నది ఒక్క తమ్ముడు. నువ్వు నాతో మాట్లాడకుండా పోతావేమోనని భయంగా ఉంది.

మీ బావకు మోకాలు కాస్త నయం.

వసంత

కుప్పం,
26 జనవరి 2003.

అక్కకు,

నాలుగో భాగం దిద్దడం అయిపోయింది. ఫ్లాపీ ఇందులో ఉంది. వత్తులన్నీ సరిపోయాయి. చదవకుండా దిద్దే ఉపాయం ఏదైనా ఉంటుందేమోనని ఒక సాయంత్రమంతా చూశాను. లేదు.

నీకు నేను ఎప్పుడూ తప్పులు దిద్దలేదు. ఇప్పుడు రెండు చెబుతాను. నూట ముప్పై ఒకటో పుట. నువ్వు ఇలా రాశావు: ‘బస్టాండులో వాడి స్నేహితుడొకడు నన్ను చూపించి ఎవర్రా అని అడిగాడు. మా ఇంట్లో పనిచేసే ఆయమ్మ అన్నాడు తమ్ముడు. నేను క్యారియరు ఇచ్చి తిరుగు బస్సెక్కాను.’

అది బస్టాండు కాదు. హాస్టలు గేటు. నలుగురున్నారు. నువ్వు చెప్పులు వేసుకోకుండా, కాళ్ళకు దుమ్ముతో నిలబడి ఉన్నావు. నా ఇస్త్రీ చొక్కా నాయన మేకను అమ్మి కొనిచ్చింది. నాకు పదిహేడేళ్ళని చెప్పి తప్పించుకోవచ్చు. నిజానికి ఆ మాట అనే ముందు నేను ఒక్క క్షణం ఆలోచించాను. ఆలోచించే అన్నాను.

రెండోది. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాతి శనివారం నువ్వు మళ్ళీ వచ్చావు. వచ్చావు కాబట్టి మొదటిది నీకు వినపడలేదని అనుకొని ధైర్యం తెచ్చుకున్నాను. ఇంకొకడు అడిగితే మళ్ళీ అదే మాట చెప్పాను. అప్పుడు నువ్వు కొంచెం దూరంలో ఉన్నావు, నీకు వినపడలేదు. ఆ తర్వాత నువ్వు రాలేదు. ఇంటి పని ఎక్కువైందని నాయన చెప్పాడు, నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉండింది. ఈ సంగతి అనితకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. నిన్న చెప్పాను.

ఈ రెండూ దిద్ది అచ్చుకు ఇవ్వు. అన్నీ తుడిచేసి మొదటి నుంచి వేసుకోవాలని నీకు పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆ పుట మాత్రం తుడవవద్దు. దాని మీదనే ఏదైనా రాసుకునే వీలుంటే, నన్ను రాసుకోనివ్వు.

ఉగాది సభలో నాకు ఒక్క నిమిషం ఇమ్మని సంఘం వాళ్ళను అడుగు. ఈమె మా అక్క అని చెప్పి దిగిపోతాను.

నీ తమ్ముడు,
జయ

పుంగనూరు,
2 ఫిబ్రవరి 2003.

చిరంజీవి జయకు,

నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. అందులో తప్పులు నాలుగున్నాయి. ఎర్రసిరా తీశాను గానీ దిద్దకుండా అలాగే బీరువాలో పెట్టాను.

బస్టాండు అని మరిచిపోయి రాయలేదు. హాస్టలు గేటు అని రాస్తే ఆ రోజు అక్కడ నిలబడిన నలుగురూ గుర్తుపడతారు. అందులో ఇద్దరు టీచర్లయి, రిటైరై, మా సంఘంలోనే ఉన్నారు. ఉగాది నాడు ముందు వరసలో కూర్చుంటారు. నిన్ను వాళ్ళ ముందు నిలబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

రెండోది కూడా నాకు వినపడింది జయా. మొదటిసారి ఏదో నోరు జారి ఉంటాడని సర్దుకొని మళ్ళీ వచ్చాను. రెండోసారి విన్నాక రాలేకపోయాను. పని ఎక్కువైందని నాయనతో చెప్పించింది నేనే. పుస్తకంలో కావాలనే ఒకసారి అని రాశాను.

నువ్వు చెప్పినట్టు హాస్టలు గేటు అని దిద్దాను. ఒకసారి అన్నదాన్ని దిద్దలేదు, దిద్దను కూడా. పుస్తకం నాది. నిన్న బైరప్ప ఆరూ కలిపి ఒకే ఫ్లాపీలో వేసిచ్చాడు, మదనపల్లెకు పంపేశాను.

సభలో మాట్లాడేవాళ్ళు ఇప్పటికే ఆరుగురు ఉన్నారు, ఒక్కొక్కరూ అరగంటకు తక్కువ దిగరు. నీకు నిమిషం ఇమ్మని నేను అడగను. నువ్వు ముందుగా వచ్చి హాలు గేటు దగ్గర నిలబడు. మీ బావ మోకాళ్ళతో ఆలస్యంగా వస్తాడు కాబట్టి బస్సు దిగి నేను ఒక్కదాన్నే నడిచి వస్తాను. నన్ను చూపించి ఎవరో ఒకరు, ఎవరని నిన్ను అడుగుతారు.

దీవెనలతో,
మీ అక్క
వసంత